నెత్తిన చిల్లు పడిన పిస్టన్

గాజువాక,
విశాఖపట్నం.

పెద్దోడికి, చిట్టితల్లికి, తాతయ్య ఆశీస్సులు.

మొన్న దసరా సెలవులకి వచ్చినప్పుడు షాపులో నా బల్ల మీద పెన్నులు పెట్టుకునే పిస్టన్ చూసి, "తాతయ్యా, దీని నెత్తిన చిల్లు ఎందుకుంది?" అని చిట్టితల్లి అడిగింది. "కాలిపోయిందమ్మా" అని ఊరుకున్నాను. ఆ రోజు ఒక టిప్పర్ ఇంజిన్ దింపి ఉంది, చేతులు ఖాళీ లేవు. మీరు వెళ్ళిన వారానికి పెద్దోడు ఫోన్‌లో ఒక వీడియో పంపాడు. అమెరికాలో పికప్ ట్రక్కులు వెనక కొండంత బరువు కట్టుకుని నల్లటి పొగ కక్కుతూ లాగే పందెం అది. "మనమూ ఇలాంటి ఇంజిన్ కట్టొచ్చా? పిస్టన్లు ఏవి వెయ్యాలి? కంప్రెషన్ ఎంత పెట్టాలి?" అని కింద మూడు ప్రశ్నలు. ఫోన్‌లో ఇంత టైపు చెయ్యడం నా వల్ల కాదు, కాగితం తీశాను. మీ ఇద్దరి ప్రశ్నలకీ సమాధానం ఒక్క చోటే ఉంది కాబట్టి ఉత్తరం కూడా ఒక్కటే.

పెట్రోలు బండిలో ప్లగ్గు ఉంటుంది, నిప్పురవ్వ అదే పుట్టిస్తుంది. డీజిల్లో ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా నొక్కితే ఆ గాలే వేడెక్కుతుంది. సైకిలుకి గాలి కొట్టాక పంపు అడుగు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుందే, అదే సంగతి. ఆ వేడి గాలిలోకి నాజిల్ డీజిల్ని చిమ్ముతుంది, అది దానంతటదే అంటుకుంటుంది. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన ఇంజిన్ నుంచి, ఆర్కే బీచ్‌లో మీరు ఎక్కి చూసిన కురుసుర సబ్‌మెరైన్‌లోని మూడు ఇంజిన్ల దాకా అన్నీ ఇలాగే మండుతాయి.

ఎంత నొక్కుతున్నాం అనే లెక్కే కంప్రెషన్ రేషియో. పిస్టన్ అడుగున ఉన్నప్పుడు సిలిండర్‌లో ఎంత చోటుంది, పైకొచ్చాక ఎంత మిగిలింది, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది. పెట్రోలు ఇంజిన్లలో పది, పదకొండు ఉంటుంది. లారీల్లో 16 నుంచి 18 దాకా. నేను నా జన్మలో ఎక్కువసార్లు విప్పింది టాటా 697 అనే లారీ ఇంజిన్. పేరులోనే కొలత ఉంది, ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండర్ వెడల్పు. స్ట్రోకు, అంటే పిస్టన్ కింద నుంచి పైకి నడిచే దూరం, 128 మిల్లీమీటర్లు. పెద్దోడా, లెక్క కట్టి చూడు, ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ తిరిగే చోటు 946 సీసీ వస్తుంది. రేషియో 17 కావాలంటే పైన మిగలాల్సింది 59 సీసీ. దాన్ని 15కి దింపాలంటే 67న్నర. తేడా ఎంత? ఎనిమిదిన్నర సీసీ. మీ అమ్మమ్మ దగ్గుమందు పోసే చెంచాతో కొలిస్తే రెండు చెంచాలు కూడా నిండవు. ఆ కాస్త తేడాకి ఇంజిన్ గుణమే మారిపోతుంది.

ఈ ఇంజిన్లో హెడ్డు, అంటే సిలిండర్ల పైమూత, అడుగు చదునుగా ఉంటుంది. అంటే ఆ మిగిలే చోటు చాలా వరకు పిస్టన్ నెత్తి మీద చెక్కిన గిన్నెలోనే ఉంటుందన్నమాట. అందుకే లారీ ఇంజిన్లో కంప్రెషన్ ఎంచుకోవడం, పిస్టన్ ఎంచుకోవడం అని రెండు వేరు పనులు లేవు. కొందరు హెడ్డు కింద వేసే రేకు, గ్యాస్కెట్ అంటాం, మందంది వేసి పని కానిచ్చేస్తారు. అర మిల్లీమీటరు మందం పెంచితే 17 కాస్తా 16 అవుతుంది, లెక్క తప్పు కాదు. కానీ పిస్టన్ పైకొచ్చినప్పుడు దాని అంచుకీ హెడ్డుకీ మధ్య మిగిలే సందు మిల్లీమీటరు, ఆ చుట్టుపక్కల ఉంటుంది. ఆ సన్న సందులోంచి నలిగి గిన్నెలోకి దూకే గాలే డీజిల్ని బాగా కలుపుతుంది. సందు పెరిగితే గాలి ఊపు తగ్గుతుంది, సగం కాలిన డీజిల్ పొగై పోతుంది. తగ్గించాల్సి వస్తే గిన్నె పెద్దదున్న పిస్టన్ వెయ్యాలి, సందు మాత్రం అలాగే ఉంచాలి. మేం ఆ సందుని పిస్టన్ మీద సీసం తీగ ముక్క పెట్టి, ఇంజిన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి, నలిగిన తీగ మందాన్ని బట్టి చూస్తాం. డయల్ గేజ్‌లు వచ్చాక కూడా నాకు సీసం తీగ మీదే నమ్మకం.

ఇంతకీ రేషియో తగ్గించడం దేనికి? టర్బో కోసం, అంటే ఇంజిన్లోకి అదనంగా గాలి తోసే పంకా కోసం. టర్బో లేని ఇంజిన్లో 17 రేషియోతో నొక్కితే, డీజిల్ ఇంకా పడకముందే, సిలిండర్‌లో ఒత్తిడి లెక్క ప్రకారం 45 బార్ దాకా వెళ్తుంది (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి సుమారు ఒక బార్). లారీ టైర్లో కొట్టే గాలికి ఇది ఐదారు రెట్లు. వీడియోలో చూసిన లాంటి ట్రక్కులో టర్బో అదనంగా 3 బార్ గాలి తోస్తుందనుకో, లోపలికొచ్చే గాలి మామూలుకి నాలుగు రెట్లు, అప్పుడు ఆ 45 కాస్తా 180 అవుతుంది. మంట దాని పైన. ఇప్పటి పెద్ద ట్రక్ ఇంజిన్లు 200 బార్ తట్టుకునేలా కడుతున్నారు. 97 బోరు పిస్టన్ మీద 200 బార్ అంటే 15 టన్నుల బరువు, ఒక లోడు లారీ ఎక్కి కూర్చున్నట్టు, ప్రతి రెండు చుట్లకీ ఒకసారి. హెడ్ గ్యాస్కెట్ ఎగిరిపోయేది, హెడ్ బోల్టులు సాగిపోయేది ఇక్కడే. అదే 3 బార్ టర్బోతో రేషియో 14 పెడితే, మంటకి ముందు ఒత్తిడి 140 దగ్గర ఆగుతుంది. మిగిలిన 40 బార్ల జాగాలో ఇంకాస్త గాలి, ఇంకాస్త డీజిల్ పట్టించుకోవచ్చు. పందెం ఇంజిన్లు కట్టేవాళ్ళ ఆలోచన అంతా ఇదే.

మరి దింపుతూ పోతే? లంబసింగి గుర్తుందా, డిసెంబరులో తెల్లారి చలికి దుప్పటి కప్పుకుని టీ తాగాం? గాజువాకలో ఎండకి 14 రేషియో ఇంజిన్ కూడా మారు మాట్లాడకుండా స్టార్ట్ అవుతుంది. దాన్ని తీసుకెళ్ళి లంబసింగిలో రాత్రంతా నిలబెట్టి పొద్దున్నే సెల్ఫ్ కొట్టి చూడండి. సెల్ఫ్‌తో ఇంజిన్ మెల్లగా తిరుగుతుంది, చల్లటి గోడలు గాలి వేడిని తాగేస్తాయి, రేషియో తక్కువ కాబట్టి వేడి అసలే తక్కువ పుట్టింది. డీజిల్ అంటుకోదు, తెల్ల పొగై బయటికి పోతుంది, కళ్ళు మండుతాయి. బ్యాటరీ దిగిపోతుంది. పైగా కాగితం మీద లెక్క వేస్తే 17 నుంచి 14కి దిగితే నూటికి నాలుగు వంతుల పని డీజిల్లోంచి రాకుండా పోతుంది. పందెం బండికి అది లెక్కలోకి రాదు. రోజూ పోర్టుకి తిరిగే లారీ ఓనర్ని అడగండి, నాలుగు వంతులంటే ఏమిటో ఆయన చెబుతాడు.

ఇక పిస్టన్లు. నాకు ఇష్టమైన విషయం కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మామూలు లారీ పిస్టన్ అల్యూమినియం, సిలికాన్ కలిపి పోత పోసింది. సిలికాన్ నూటికి పన్నెండు వంతుల దాకా ఉంటుంది. సిలికాన్ వల్ల వేడికి పెద్దగా వ్యాకోచించదు, త్వరగా అరగదు. పిస్టన్ చుట్టూ ఉండే రింగుల్లో పైది కూర్చునే గాడిలో అల్యూమినియం త్వరగా అరిగిపోతుంది కాబట్టి అక్కడ ఇనుప కట్టు ఒకటి పోతలోనే కలిపేస్తారు. మంచి పిస్టన్లలో నెత్తి లోపల చుట్టూ ఒక సొరంగం కూడా ఉంటుంది, కింద నుంచి జెట్‌తో ఆయిల్ చిమ్మితే దాంట్లోకెళ్ళి వేడిని మోసుకొస్తుంది. పోత మధ్యలో సొరంగం ఎలా చేస్తారో తెలుసా? ఉప్పుతో! ఉప్పుని వడలా అచ్చు పోసి, దాని చుట్టూ లోహం పోసి, చల్లారాక నీళ్ళు కొట్టి కరిగించేస్తారు. నౌపడ ఉప్పు మడుల పక్క నుంచి రైల్లో వెళ్ళేటప్పుడు నాకు ఇదే గుర్తొస్తుంది, మీ అమ్మమ్మ నవ్వుతుంది.

వీడియోల్లో అందరూ మోగించే మాట "ఫోర్జ్‌డ్". పోత పోయకుండా వేడి లోహాన్ని ప్రెస్సులో కొట్టి చేసింది. దెబ్బకి పగలదు, నిజమే. కానీ అలా కొట్టే రకాల్లో ఒకదాంట్లో సిలికాన్ దాదాపు ఉండదు. వేడికి ఎక్కువ పెరుగుతుంది కాబట్టి లైనర్లో, అంటే సిలిండర్ లోపలి గొట్టంలో, ఎక్కువ ఖాళీ ఇవ్వాలి, చల్లటి ఇంజిన్లో టకటకమని కొట్టుకుంటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి ఎవరూ చెప్పరు. ప్రెస్సులో కొట్టే పిస్టన్‌లో ఆ ఇనుప కట్టునీ ఆయిల్ సొరంగాన్నీ మధ్యలో ఇరికించడం కష్టం, మామూలుగా రెండూ ఉండవు. పది నిమిషాల పందేనికి అది రాజా. లక్షల కిలోమీటర్లు తిరగాల్సిన లారీకి మంచి పోత పిస్టనే నయం అంటాను నేను. షాపులో కుర్రాళ్ళు ఒప్పుకోరు, వాళ్ళిష్టం.

మూడోది స్టీలు. అల్యూమినియం 300 డిగ్రీలు దాటితే బలం గబగబా కోల్పోతుంది, ఆ మిశ్రమం 600 లోపే కరుగుతుంది. స్టీలుకి ఆ భయం లేదు. బరువైనా గట్టిది కాబట్టి పొట్టిగా, పలచటి గోడలతో చెయ్యొచ్చు. పెద్ద ట్రక్కుల్లో ఇప్పుడు ఇదే ఎక్కువ, 2014లో బెంజ్ డీజిల్ కారులోకీ వచ్చింది. స్టీలు వేడిని మెల్లగా వదులుతుంది కాబట్టి ఆయిల్ చల్లదనం తప్పనిసరి, జెట్ ఒకటి మూసుకుపోతే అంతే సంగతులు. ధర కూడా ఆలోచించాలి.

ఏ పిస్టనైనా గిన్నె ఆకారం, నాజిల్ చిమ్మే కోణం ఒకదానికొకటి సరిపోవాలి. సరిపోకపోతే డీజిల్ గిన్నె అంచునో లైనర్నో తడుపుతుంది. గిన్నె పెదవి సన్నగా, లోపలికి వంగి ఉంటే వేడికి పగుళ్ళు అక్కడే మొదలవుతాయి. అందుకే పందెం వాళ్ళు ఆ పెదవిని లేత్ మీద కోసేస్తారు. రేషియో కాస్త దిగుతుంది, పగుళ్ళు తగ్గుతాయి, పొగ పెరుగుతుంది.

ఇప్పుడు చిట్టితల్లి ప్రశ్న. చాలా ఏళ్ళ కింద ఒక లారీ ఓనరు అరకు ఘాట్లో సిమెంటు లోడుతో బండి లాగడం లేదని వచ్చాడు. టర్బో లేని ఇంజిన్. నేను డీజిల్ పంపు పెంచాను. గాలి అంతే, డీజిల్ ఎక్కువ. కింద రోడ్డు మీద బ్రహ్మాండంగా లాగింది, ఆయన నాకు పకోడీలు కూడా పెట్టించాడు. మూడో ట్రిప్పులో అనంతగిరి మలుపుల్లో, గంట సేపు యాక్సిలరేటర్ వదలకుండా ఎక్కేసరికి నాలుగో సిలిండర్ పిస్టన్ నెత్తి కరిగి చిల్లు పడింది. విప్పి చూస్తే ఆ సిలిండర్ నాజిల్ కారుతోంది, పంపు పెంచే ముందు నేను చూడనే లేదు. కంప్రెషన్ సరిగ్గానే ఉంది, పిస్టన్ మంచిదే. నేను దాని మీద వేసిన వేడే ఎక్కువ. ఆ పనికి కూలి తీసుకోలేదు, పిస్టన్ మాత్రం తెచ్చుకున్నాను. ఆ తర్వాత ఎవరు బండి ఊపు పెంచమన్నా ముందు సైలెన్సర్ మానిఫోల్డ్‌లో వేడి కొలిచే మీటర్ పెట్టుకోమంటాను. ఘాట్ ఎక్కేటప్పుడు అది 700 డిగ్రీల దగ్గర నిలబడి ఉంటే అల్యూమినియం పిస్టన్‌కి గండమే.

పెద్దోడా, నీ ప్రశ్నకి నా మాట ఇది. రోజూ పని చేసే లారీకి కంపెనీ పెట్టిన రేషియో కదపొద్దు. టర్బో బాగా పెంచి కట్టేదైతే 15, 16 మధ్య, ఆయిల్ సొరంగం ఉన్న పిస్టన్లు, కొత్త హెడ్ బోల్టులు. 14 అంటే లాక్కెళ్ళి లాక్కొచ్చే పందెం బండికే, 2014లో నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో ట్రక్కుల పందెం పెట్టారు చూడు, అలాంటి చోట. రోడ్డు బండి ఇంజిన్ మార్చాలంటే ఆర్టీవో అనుమతి కావాలి, అది మర్చిపోకు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మెడికల్ షాపులో 20 ఎంఎల్ సిరంజి ఒకటి కొనుక్కురండి. పాత 697 పిస్టన్లు రెండు దాచి ఉంచాను, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. గిన్నె మీద గ్రీజు రాసిన గాజు పలక పెట్టి, సిరంజితో ఆయిల్ పోసి, ఏది ఎన్ని సీసీలో మీరే చెప్పాలి.

ఇట్లు,
మీ తాతయ్య