చేత్తో తోసే పాత గడ్డి మిషన్: అపోహలు, వాస్తవాలు

చేత్తో తోసే పాత లాన్ మూవర్లు బాగుచేయడం నా పని. ఇంజిన్ లేదు, పెట్రోలు లేదు, పాడయ్యేవీ తక్కువే. అయినా నిక్షేపంలాంటి మిషన్లు పాత ఇనుము తూకానికి పోతున్నాయి. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: గడ్డి తెగట్లేదంటే సాన పట్టించాల్సిందే.
ముందు సెట్టింగ్, అంటే బ్లేడ్ల మధ్య సందు ఎంతుందో చూడండి. ఇంగ్లండ్‌లోని స్ట్రౌడ్ ప్రాంతానికి చెందిన ఎడ్విన్ బడింగ్, ఉన్నిబట్ట మీది నూగు కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి ఈ గడ్డి మిషన్‌ను తయారుచేశాడు. 1830లో పేటెంట్ తీసుకున్నాడు. అంటే ఇది కొడవలిలా నరకదు, కత్తెరలా కోస్తుంది. పైన తిరిగే బ్లేడ్లు, కింద కదలని బ్లేడు. మధ్యలో సందుంటే గడ్డి తెగకుండా వంగిపోతుంది.

న్యూస్‌పేపర్ పీలిక ఒకటి మధ్యలో పెట్టి, చక్రాన్ని మెల్లగా తిప్పండి. వేళ్ళు దూరంగా ఉంచండి. ఎడమ చివర నుంచి కుడి చివరదాకా ఇలాగే చూడండి. ఒకవైపు తెగి, రెండోవైపు మడతపడితే ఆ రెండోవైపు సందు సరిచేసే స్క్రూ కొద్దిగా బిగిస్తే చాలు. అప్పటికీ తెగకపోతే బ్లేడ్లకు వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ (ఇంజిన్ వాల్వులు అరగదీసే గరుకు ముద్ద) రాసి, వాటిని వెనక్కి తిప్పుతూ ఒరిపిడి పెట్టాలి. తర్వాత పేస్ట్ మొత్తం కడిగేయాలి. యాంగిల్ గ్రైండర్ మాత్రం దగ్గరకు రానివ్వకండి. ఒక్కచోట ఎక్కువ అరిగిందా, ఆ గుండ్రం మళ్ళీ రాదు.

అపోహ: ఎంత బిగిస్తే అంత బాగా కోస్తుంది.
తోయలేక చేతులు పడిపోతాయి, బ్లేడ్లూ అరుగుతాయి. తాకీ తాకనట్టుండాలి.

అపోహ: చక్రాలు తిరిగి బ్లేడ్లు తిరగకపోతే గేర్లు పోయినట్టే.
చాలాసార్లు పోవు. లోపల చిన్న ఇనుప ముక్క ఒకటి ఉంటుంది. ముందుకు తోస్తే గేరును పట్టుకుంటుంది, వెనక్కి లాగితే వదిలేస్తుంది. ఏళ్ళనాటి గ్రీజు ముద్దకట్టి అది కదలదు. డీజిల్‌తో కడిగి పల్చటి ఆయిల్ వేయండి. విప్పేముందు ఫోటో తీసుకోండి. దాన్ని తిరగేసి బిగిస్తే ముందుకు తోసినా బ్లేడ్లు తిరగవు.

అపోహ: పగిలిన బాడీకి ఏ వెల్డింగయినా సరే.
అది పోత ఇనుము. మామూలు రాడ్డుతో అతికితే పక్కనే మళ్ళీ పగుళ్ళిస్తుంది. నికెల్ రాడ్డు వాడేవాళ్ళ దగ్గరికో, ఇత్తడి కరిగించి అతికేవాళ్ళ (బ్రేజింగ్) దగ్గరికో తీసుకెళ్ళండి.

అపోహ: పాత పెయింట్ గీకేసి కొత్తది వేస్తే సరి.
పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దొద్దు. తడిపి, మాస్క్ పెట్టుకుని గీకండి. ఆ పొట్టును తోటలో పారేయకండి, పిల్లలు ఆడుకునే చోట అసలే వద్దు.