ముక్క తీస్తే పాకుతుందా? (క్యాన్సర్: అపోహలు – వాస్తవాలు)

తేదీలు అడగడమే నా ఉద్యోగం. క్యాన్సర్ వచ్చినవాళ్లు ఎన్నాళ్లు బతుకుతున్నారు, వైద్యం అందడం ఎక్కడ ఆలస్యమవుతోంది అని చూసే అధ్యయనాలకు ఫారాలు నింపుతాను. తిరుపతిలో పన్నెండేళ్లుగా ఇదే పని. ఫారంలో నాలుగు తేదీలుంటాయి: గడ్డో పుండో మొదట చూసుకున్నది, డాక్టరుకు చూపించింది, ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించింది, వైద్యం మొదలైంది. అంకెల్లో చెప్పేవాళ్లు తక్కువ. "గంగజాతర అయిన వారానికి మేడం", "చెనక్కాయలు పీకేటప్పుడు", "మామిడికాయల ఫ్యాక్టరీకి పనికి పోతాంటి, అప్పుడు". అందుకే నా సంచిలో ఎప్పుడూ ఐదారేళ్ల పాత క్యాలెండర్లుంటాయి. ఆ ఏడు జాతర మే నెలలో ఏ వారం పడిందో చూసి తేదీ వేసుకుంటాను.

నన్ను కుదురుగా ఉండనివ్వనిది రెండో తేదీకీ మూడో తేదీకీ నడుమ ఖాళీ. డాక్టరు ముక్క తీయాలన్నాడు. ఆ తర్వాత నాలుగు నెలలు, ఒక్కోసారి ఎనిమిది నెలలు ఏమీ లేదు. ఎందుకాగినారమ్మా అంటే జవాబు చాలావరకు ఒకటే: "సూది గుచ్చితే పాకిపోతాదంట గదా మేడం."

అపోహ: ముక్క తీస్తే, కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది

పాకదు. మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటే ఒక ఎత్తు. తక్కినవి భయపెడతాయి, ఇది మనిషినే తీసుకుపోతుంది.

ఈ నమ్మకం ఎట్లా పుట్టిందో నాకు తెలుసు. పక్కింటావిడకు ముక్క తీశారు, మూడు నెలలకు గడ్డ రెట్టింపైంది. చూసినవాళ్లు సూదినే అంటారు. ఆ మూడు నెలలూ ఆమె ఏ వైద్యమూ లేకుండా ఇంట్లో కూర్చున్న సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గడ్డ తన పని తాను చేసుకుపోయింది, అంతే. ఇంకొందరికి సూది వేసిన చోట రక్తం గూడుకట్టి, కమిలి, రెండు రోజులకు వాపు కనిపిస్తుంది. అది ఒకటి రెండు వారాల్లో దిగిపోతుంది. ఆలోగానే ఊరంతా తెలిసిపోయి ఉంటుంది.

అసలు ఎక్కడా, ఎప్పుడూ జరగదా అంటే, బహు అరుదుగా సూది వెళ్లిన దారిలో కణాలు పడటం ఉంది. కాలేయ క్యాన్సర్‌లో అది నూటికి మూడు లోపు. అందుకే కాలేయంలో చాలాసార్లు స్కాన్‌తోనే తేల్చేస్తారు, వృషణంలో గడ్డకు సూది పెట్టరు, అండాశయం దాటలేదనిపించే గడ్డకు సాధారణంగా సూది జోలికి పోకుండా ఆపరేషన్ చేస్తారు. ఎక్కడ గుచ్చకూడదో డాక్టర్లకు మనకంటే ముందే తెలుసు. క్లోమ గ్రంథి క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన రెండు వేల మందికి పైగా రోగుల లెక్కలు అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు తీసి 2015లో ప్రచురించారు. ముందుగా సూది పరీక్ష చేయించుకున్నవాళ్లు చేయించుకోనివాళ్ల కంటే తొందరగా పోలేదు. ఇంకొన్ని నెలలు ఎక్కువే బతికారు.

ముక్క లేకుండా వైద్యం మొదలుపెట్టమంటారు కొందరు. ఎట్లా? రొమ్ములో గడ్డ క్యాన్సరో కాదో చెప్పేది ఆ ముక్కే. హార్మోన్ మాత్రకు లొంగేదా, హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువున్న రకమా అని చెప్పేదీ అదే. తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తారు, సూది ఉన్న గన్ 'టక్'మంటుంది, బియ్యపు గింజల్లాంటి తునకలు నాలుగైదు, అవి చెడకుండా ఉంచే ఫార్మలిన్ సీసాలో పడతాయి. ఆ సీసా మీదే ఆరు నెలల వైద్యం నడుస్తుంది.

మా పెద్దమ్మ సంగతి చెప్పాలి. పీలేరు దగ్గర పల్లె. ఎడమ రొమ్ములో చింతగింజంత గడ్డ. అప్పటికి నేను ఈ పనిలో చేరి మూడో ఏడు. వరండాలో పంచాయితీ పెట్టారు. మా బాబాయి "పుట్టలో వేలు పెడితే కుట్టదా?" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ల ఆడపిల్ల మాట ఎవరు వింటారు? పసరు కట్లు కట్టించారు. నిమ్మకాయంతయింది, తోలు పగిలింది. మరుసటి సంక్రాంతి దాటాక ఆస్పత్రికి తీసుకొచ్చేసరికి ఎముకలకు పాకి ఉంది. అప్పటిదాకా ఆ గడ్డకు ఒక్క సూదీ తగల్లేదు. ఈ మాట బాబాయితో నేను ఇప్పటికీ అనలేదు, ఆయన మొహం చూస్తే అనబుద్ధి కాదు.

ఆలస్యం ఖరీదు ఎంతో అంకెల్లో కావాలంటే: మన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీలు 11 ప్రాంతాల నుంచి 2024లో ప్రచురించిన లెక్క. రొమ్ములోనే ఉన్నప్పుడు పట్టుకుంటే ఐదేళ్ల సర్వైవల్, అంటే ఐదేళ్ల తర్వాతా బతికున్నవాళ్లు, 81 శాతం. చంక గడ్డలకు, చుట్టుపక్కలకు చేరితే 65. దూరపు అవయవాలకు పాకితే 18.

దీనికి తోడైన తప్పు ఇంకొకటుంది, అది రోగులది కాదు. చిన్న నర్సింగ్‌హోమ్‌లో గడ్డ కోసేస్తారు, "తీసేశాం, భయం లేదు" అంటారు, తీసినదాన్ని పరీక్షకు పంపరు. ఏడాదికి అదే చోట మళ్లీ లేస్తుంది. పాత గడ్డ ఏమైందంటే చెత్తబుట్టలోకి పోయింది. అట్లాంటి ఫారం నింపేటప్పుడు మూడో తేదీ దగ్గర నా పెన్ను ఆగిపోతుంది.

అపోహ: "ఐదేళ్ల సర్వైవల్" అంటే ఐదేళ్లే బతుకుతారు

పలమనేరు నుంచి ఒకాయన ఫోన్ చేసి ఏడ్చాడు, "మా ఇంటామెకు ఐదేళ్లే టైమిచ్చినారు" అని. కాదన్నా, వంద మందిలో ఐదేళ్ల తర్వాత ఎంతమంది ఉన్నారని లెక్కపెట్టే కొలత అది. ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి ఐదు దగ్గర గీశారు. ఆరో ఏడు, పదిహేనో ఏడు నా ఫోన్ ఎత్తి "ఇంకా ఉండా మేడం" అని నవ్వేవాళ్లు ఎంతమందో.

మిగతావి గబగబా

అంటుకుంటుందా? కంచం పంచుకుంటే, ముట్టుకుంటే అంటుకోదు. దయచేసి అత్తగారికి గ్లాసు వేరే పెట్టకండి. కొన్ని క్యాన్సర్లకు కారణమయ్యే హెచ్‌పీవీ, హెపటైటిస్ బి వైరస్‌లు మాత్రం అంటుకుంటాయి, వాటికి టీకాలున్నాయి.

మా వంశంలో లేదు కదా? వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది. తక్కినవాళ్లలో చాలామంది వంశాల్లోనూ లేదు.

బాధ లేదు, స్క్రీనింగ్ ఎందుకు? బాధ లేనివాళ్లకే స్క్రీనింగ్. గర్భాశయ ముఖద్వారం మీద పలచటి అసిటిక్ యాసిడ్ పూసి చూసే పరీక్ష నిమిషాల పని. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ వాళ్లు ఆరోగ్య కార్యకర్తలతోనే అది చేయించి ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గించారు. మన దేశంలో ముప్పై నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో ఈ క్యాన్సర్‌కు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నవాళ్లు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి నూటికి ఇద్దరు కూడా లేరు. స్విమ్స్ ఆస్పత్రి వాళ్ల క్యాన్సర్ పరీక్షల పింక్ బస్సు మీ ఊరికొస్తే, ఏఎన్ఎం తలుపు తడితే, వంట మీద ఉన్నానని చెప్పకండి.

చక్కెర మానేస్తే క్యాన్సర్ ఆకలితో చస్తుందా? చావదు, మనిషే నీరసపడతాడు.

ఇక ముక్క పరీక్షకు వెళ్లేవాళ్లకు ఒక మాట. రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకండి. తీసిన తునకల్ని పొదిగిన మైనపు బ్లాకు, దాన్నుంచి పలచగా కోసి గాజు పలకల మీద అంటించిన స్లైడ్లు కూడా ఆ ల్యాబ్‌లోనే ఉంటాయి, రాసిచ్చి అడిగితే ఇస్తారు. రేపు వేలూరుకో అలిపిరి దగ్గరి టాటా ఆస్పత్రికో పోతే ముందు అడిగేది అవే. అవి చేతిలో ఉంటే చాలావరకు మళ్లీ సూది పడే పని ఉండదు. బ్లాకు మాత్రం ఎండలో బండి డిక్కీలో పెట్టకండి, అది మైనం.