బాదం ఆకు ఎర్రబడితే జబ్బు కాదు

పిల్లలూ, ఆశీస్సులు.

"రోజూ నీళ్ళు పోస్తున్నాం కదా తాతయ్యా, బాదం ఆకులు ఎర్రబడి రాలిపోతున్నాయెందుకు? చెట్టుకు జబ్బు చేసిందా?" అని అడిగారు. జబ్బేమీ లేదు. చెట్టు ఇల్లు ఖాళీ చేస్తోంది.

అద్దె ఇల్లు మారేటప్పుడు పెద్ద బీరువా, పందిరి మంచం గుమ్మంలో పట్టవు. పనివాళ్ళు మరలు ఊడదీసి, ముక్కలు చేసి బయటికి చేరవేస్తారు. ఆకులో ఆ పనివాళ్ళు ఎంజైములు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టి ఆహారంగా మలచే రూబిస్కో అనే పెద్ద ప్రోటీన్ కూడా ఎంజైమే. ఆకు ముదిరాక వేరే ఎంజైములు దాన్నే విప్పి, అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలుగా విడగొడతాయి. అవి ఈనెల గుండా కొమ్మకు చేరతాయి. చాలా చెట్లు ఆకులోని నత్రజని, భాస్వరం అనే పోషకాల్లో దాదాపు సగం ఇలా దక్కించుకుంటాయి. ఆకుకు పచ్చరంగునిచ్చే పత్రహరితం కూడా విరిగిపోతుంది. బీరువా జరిపాక గోడకున్న పాత రంగు కనబడినట్టు, అడుగున దాగిన పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం పాతది కాదు, వెళ్ళేముందు కొత్తగా కట్టిన పరదా. సామాను సర్దుతుండగా ఎండ దెబ్బ తగలకుండా చెట్టు దాన్ని కడుతుందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. కాల్షియం ఆకు కణాల గోడల్లోనే ఇమిడిపోయి ఉంటుంది, అది వెంట రాదు.

నా చిన్నప్పుడు నాట్లకు ముందు కానుగ మండలు, జిల్లేడు మండలు నరికి తెచ్చి దమ్ము మడిలో తొక్కేవాళ్ళం. మోకాలి లోతు బురదలో కాళ్ళకు కొమ్మలు గీరుకునేవి. చెట్టు కింద ఎండుటాకు కుప్పలుగా ఉంటే మళ్ళీ చెట్టెక్కడమెందుకని అడిగితే, "సారమంతా పచ్చిదాంట్లోనే ఉంటుందిరా" అనేవారు మా తాతగారు. నత్రజని పేరు ఆయన వినలేదు. ఖాళీ చేసిన ఇంట్లో ధాన్యం దొరకదని మాత్రం ఆయనకు తెలుసు. అలాగని రాలిన ఆకులకు నిప్పు పెట్టకండి. మిగిలిన కాల్షియం, కాస్తో కూస్తో సారం మట్టికి చెందాలి. చెట్టు మొదట్లోనే పోయండి.

రేపు పొద్దున పచ్చటి ఆకు ఒక్కటి తుంచి చూడండి. తెగిన చోట తడిగా, చిరిగినట్టు ఉంటుంది. ఎర్రటి ఆకు అయితే వేలు తగిలితే చాలు, ఊడి వస్తుంది. అక్కడి మచ్చ పొడిగా, నున్నగా ఉంటుంది. తొడిమ మొదట్లో కణాలను అంటిపెట్టే జిగురును కరిగించింది కూడా ఎంజైములే. గాయం లేకుండా ఇంత శుభ్రంగా విడిపోవడం చూస్తే నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఆ మచ్చలకు పైన, కొమ్మ కొసన చిగురు కోసం వెతకండి. ఏ కొమ్మ ముందు చిగిర్చిందో నాకు రాయండి.

మీ తాతయ్య