ఆటు వేళకు తీరం చేరాలి: జంతువులంటే ఇష్టపడే పిల్లలతో సముద్ర ప్రయాణం

హైదరాబాదులో పెరిగే పిల్లలకు పులి, ఏనుగు, ఖడ్గమృగం తొలిసారి కనిపించేది ఎక్కువగా నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోనే. 1963లో తెరిచిన ఆ జూకు మనకు వీలైన వేళ వెళ్తే చాలు, జంతువులు ఉన్నచోటనే ఉంటాయి. సముద్ర తీరంలో అలా కుదరదు. నగరం నుంచి 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, మిట్టమధ్యాహ్నం సూర్యలంకలోనో మంగినపూడిలోనో దిగిన కుటుంబానికి ఎండ, అలలు, జనం తప్ప మరేమీ కనిపించకపోవచ్చు. అదే తీరంలో, అదే రోజున, నీరు వెనక్కి తగ్గిన ఉదయపు వేళ నిలబడితే అడుగడుగునా ప్రాణులు కనిపిస్తాయి. అందుకే జంతువులంటే ప్రాణం పెట్టే పిల్లలున్న ఇంట్లో సెలవుల ఏర్పాటు హోటల్ గదితో కాక ఆటుపోట్ల వేళలతో మొదలుకావాలని నేను గట్టిగా నమ్ముతాను.

మన తూర్పు తీరంలో సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి (పోటు), రెండుసార్లు తగ్గుతుంది (ఆటు). ఒక పోటుకు, మరుసటి పోటుకు మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాల వ్యవధి ఉంటుంది కనుక ఈ వేళలు రోజురోజుకూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేయడంతో పోటు మరింత పైకి వస్తుంది, ఆటు మరింత కిందికి దిగుతుంది. మామూలు రోజుల్లో నీటి కింద ఉండే ఇసుక, రాళ్లు అప్పుడు బయటపడతాయి. గోడ మీది క్యాలెండరులో తిథి చూసే అలవాటున్న ఇళ్లలో పిల్లలకు ఈ లెక్క నేర్పడం కష్టమేమీ కాదు.

నీరు తగ్గిన తడి ఇసుక మీద చిన్న చిన్న ఇసుక ఉండలు వరుసలు తీరి, ఒక బొరియ చుట్టూ కిరణాల్లా పరుచుకుని కనిపిస్తాయి. చాలామంది వాటిని తొక్కుకుంటూ వెళ్లిపోతారు. అవి ఇసుక పీతలు భోంచేసిన ఆనవాళ్లు. పీత తన డెక్కలతో ఇసుకను నోటి దగ్గరికి ఎత్తుకుని, అందులో అంటుకుని ఉన్న సూక్ష్మమైన నాచును, కుళ్లిన సేంద్రియ రేణువులను వేరు చేసి తిని, మిగిలిన ఇసుకను ఉండగా చేసి వదిలేస్తుంది. బొరియకు తిరిగి పరుగెత్తే దారిలో మాత్రం ఉండలు పడకుండా చూసుకుంటుంది. మళ్లీ పోటు వచ్చి ఆ ఉండలన్నింటినీ చెరిపేస్తుంది, తదుపరి ఆటుకు భోజనం కొత్తగా మొదలవుతుంది. అడుగుల అదురును పీతలు ఇట్టే పసిగడతాయి కనుక పిల్లలను కాస్త దూరంలో కదలకుండా కూర్చోబెట్టాలి. కొన్ని నిమిషాలు గడిచాక ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ఈ ఎదురుచూపులో పిల్లలు నేర్చుకునేది ఏ పుస్తకంలోనూ దొరకదు.

కొంచెం పైన, పొడి ఇసుకలో బొరియలు తవ్వుకునే ఎర్ర పీతలది మరో తీరు. కాడల చివర నిలిచిన కళ్లతో అవి చుట్టూ చూడగలవు. నేల మీద తిరుగుతున్నా ఇవి మొప్పలతోనే శ్వాసిస్తాయి, మొప్పలు ఎండిపోతే బతకలేవు. కాళ్ల మొదట్లో ఉండే సన్నని వెంట్రుకలతో తడి ఇసుక నుంచి నీటిని పీల్చుకుని మొప్పలను తడుపుకుంటాయి. మధ్యాహ్నపు ఎండలో అవి చల్లని, చెమ్మగల బొరియ అడుగున ఉండిపోతాయి. పన్నెండింటికి దిగిన కుటుంబానికి తీరం ఖాళీగా కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఆ ఇసుక మీద జీపులు, మోటారు సైకిళ్లు నడపడం చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ చక్రాల కింద ఎన్ని బొరియలు కూలుతాయో నడిపేవారికి కనిపించదు.

శంఖాలు, గవ్వలు ఏరుకోవడం పిల్లలకు పెద్ద సరదా. కానీ ఖాళీ శంఖంలో కాపురం ఉండే పీతలకు పొట్ట భాగం మెత్తగా, రక్షణ లేకుండా ఉంటుంది, పెరిగేకొద్దీ వాటికి పెద్ద శంఖం కావాలి. మంచి శంఖం ఒకటి దొరికినప్పుడు కొన్ని పీతలు పరిమాణం ప్రకారం బారులు తీరి, ముందున్నది కొత్త ఇంట్లోకి మారగానే వెనకవి ఒకదాని వెంట ఒకటి ఇళ్లు మార్చుకోవడం శాస్త్రజ్ఞులు గమనించారు. ఏరిన శంఖాలను చూసి, బొమ్మ గీసుకుని, అక్కడే వదిలి రమ్మంటే పిల్లలు అభ్యంతరం చెప్పరు, కారణం చెబితే చాలు.

సంక్రాంతి సెలవుల్లో వెళ్లేవారు పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలను, నేలపట్టులో గూడబాతులను చూడవచ్చు. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లో బురద మీద గెంతే చేపలు పిల్లలను బాగా ఆకట్టుకుంటాయి. ఎక్కడికి వెళ్లినా బయలుదేరే ముందు అలల హెచ్చరికలు చూసుకోవాలి. వాటిని దేశమంతటికీ ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ మన హైదరాబాదులోనే, ప్రగతి నగర్‌లో ఉంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన జెల్లీ చేప చచ్చినట్టు కనిపించినా దాని తీగల్లోని విషకణాలు ఇంకా కుట్టగలవు కనుక దాన్ని తాకనివ్వకూడదు.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ మన తీరానికి వచ్చి, ఇసుకలో గుంట తవ్వి, ఒక్కొక్కటి సుమారు 100 గుడ్లు పెడతాయి. ఈ తాబేళ్ల వంశచరిత్రకు హైదరాబాదుతో సంబంధం ఉంది. ఇక్కడి కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రజ్ఞులు పాల్గొని 2004లో ప్రచురించిన డీఎన్‌ఏ అధ్యయనం, భారత తూర్పు తీరపు రిడ్లేలు ఇతర మహాసముద్రాల రిడ్లేలకు పూర్వీకులై ఉండవచ్చని సూచించింది. పొదిగే పని ఇసుక వేడిదే, పిల్ల ఆడదా మగదా అన్నది తేల్చేదీ ఆ వేడే: 29, 30 డిగ్రీల ప్రాంతంలో రెండూ ఇంచుమించు సమానంగా, అంతకంటే వేడెక్కితే ఎక్కువగా ఆడపిల్లలే పుడతాయి. సుమారు 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వచ్చి, వెలుతురు ఎక్కువగా ఉన్న దిక్కుకు పాకుతాయి. దీపాలు లేని తీరంలో ఆ వెలుతురు సముద్రం మీది ఆకాశానిదే అవుతుంది, రిసార్టు దీపాలుంటే తాబేలు పిల్లలు రోడ్డు వైపు మళ్లుతాయి. పొట్టలో మిగిలిన పచ్చసొన శక్తితోనే అవి తొలి రోజంతా ఈదాలి కనుక, ఫోటో కోసం అరచేతిలో పట్టుకుని గింజుకునేలా చేస్తే ఆ శక్తి ఒడ్డునే ఖర్చయిపోతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ఈ తాబేళ్లను పట్టుకోవడం నేరం కూడా.

ఇసుక మీద నీటి నుంచి పైకి వెళ్లి తిరిగి వచ్చిన వెడల్పాటి జాడ తెల్లవారి కనిపిస్తే, పైన ఎక్కడో గుడ్ల గుంట ఉండవచ్చు. దాన్ని తవ్వకుండా, జాడను తొక్కకుండా, దగ్గరలోని అటవీ శాఖ సిబ్బందికి చెప్పాలి. అవసరమైతే వారు ఆ గుడ్లను కంచె వేసిన సంరక్షణ కేంద్రానికి తరలిస్తారు. అలాంటి కేంద్రాల నుంచి తాబేలు పిల్లలను సముద్రంలోకి వదిలే ఉదయం ఎప్పుడో అడిగి తెలుసుకుని వెళ్తే, ఏ తాబేలునూ ముట్టుకోకుండానే మన పిల్లలు ఆ ప్రయాణమంతా చూడగలుగుతారు.