లక్సెంబర్గ్ రాయబారి పదవి: 1974లో తేలకుండా మిగిలిపోయిన లెక్క

అమెరికా రాయబారుల గొడవ మళ్ళీ రాజుకుంది. 2025 డిసెంబర్‌లో ట్రంప్ ప్రభుత్వం దాదాపు 30 దేశాల్లో ఉన్న తన రాయబారులను వెనక్కి రమ్మంది. వాళ్ళంతా పరీక్ష రాసి, కింది స్థాయిలో చేరి, ఏళ్ళ తరబడి దేశదేశాలు తిరిగి పైకి వచ్చిన కెరీర్ దౌత్యవేత్తలు. మిగతా ఖండాల కంటే ఆఫ్రికా దేశాల్లో పనిచేస్తున్నవాళ్ళే ఎక్కువ. ఆ వేడి తగ్గకముందే, 2026 జనవరిలో, ఐస్‌లాండ్‌కి రాయబారిగా నామినేట్ అయిన మాజీ కాంగ్రెస్ సభ్యుడు బిల్లీ లాంగ్ ఆ దేశం అమెరికాకి 52వ రాష్ట్రం అవుతుందని, తాను దానికి గవర్నర్ అవుతానని జోక్ వేశాడు. పక్కనే గ్రీన్‌లాండ్ మాదే కావాలని ట్రంప్ పట్టుబడుతున్న రోజులవి. నాలుగు లక్షల జనాభా ఉన్న ఐస్‌లాండ్‌లో ఆ మాటకి ఎవరికీ నవ్వు రాలేదు, చివరికి ఆయన క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

రాయబారి అంటే అధ్యక్షుడి వ్యక్తిగత ప్రతినిధి, మార్చుకోవడం ఏ ప్రభుత్వంలోనైనా మామూలే అని విదేశాంగ శాఖ సమాధానం. చట్టం ప్రకారం అందులో తప్పు లేదు. కానీ వ్యక్తిగత ప్రతినిధి అనే ఆ ఒక్క మాట చాటున ఎన్నేళ్ళుగా ఏం జరుగుతోందో తెలియాలంటే ఐస్‌లాండ్ కంటే లక్సెంబర్గ్ కథ చూడాలి.

పొడవు 82 కిలోమీటర్లు, వెడల్పు 57, జనాభా ఏడు లక్షల లోపు. అలాగని పనిలేని దేశం కాదు. నాటో వ్యవస్థాపక సభ్యుల్లో ఒకటి, యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, యూరోపియన్ పెట్టుబడుల బ్యాంకు ఉన్నది అక్కడే, అమెజాన్ యూరప్ ప్రధాన కార్యాలయమూ అక్కడే. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల నుంచి విడిపించినవాళ్ళని అమెరికన్లంటే అక్కడి పాత తరానికి గౌరవం. రాజధాని పక్కనే హామ్ దగ్గర 5,000 మందికి పైగా అమెరికన్ సైనికుల సమాధులున్నాయి, వాళ్ళ మధ్యే జనరల్ పాటన్‌ది కూడా. బాంబుల భయం లేదు, దోమల బాధ లేదు, పారిస్ రైల్లో రెండు గంటల పైచిలుకు దూరం. ఇన్ని సుఖాలున్న కుర్చీ ఎవరికి వెళ్తుందో ఊహించడం కష్టం కాదు. మన దగ్గర ఎన్నికలు అయిపోగానే కార్పొరేషన్ ఛైర్మన్ల నామినేటెడ్ పోస్టుల కోసం పార్టీ ఆఫీసు ముందు క్యూ ఎలా ఉంటుందో, వాషింగ్టన్‌లో ఇలాంటి చిన్న యూరప్ దేశాల కోసం అలాంటి క్యూ ఉంటుంది.

1949లో ట్రూమన్ తన పార్టీకి నిధులు సేకరించి పెట్టిన పెర్ల్ మెస్టాని అక్కడికి పంపడం, ఆమె సొంత డబ్బుతో సైనికులకీ ఊళ్ళ మేయర్లకీ పార్టీలివ్వడం, ఆమె మీద బ్రాడ్‌వేలో ఏకంగా ఒక సంగీత నాటకమే రావడం చాలాసార్లు చెప్పుకున్న కథే, మళ్ళీ చెప్పను. 1957లో సిలోన్‌కి (ఇప్పటి శ్రీలంక) రాయబారిగా పంపుతున్న దుస్తుల దుకాణాల యజమాని మాక్స్‌వెల్ గ్లక్‌ని సెనేటర్ ఫుల్‌బ్రైట్ ఆ దేశ ప్రధాని పేరు అడిగితే చెప్పలేకపోయాడు. బండారనాయకే అనే పేరు. అయినా ఆయన వెళ్ళాడు. అప్పటిదాకా ఇదంతా చూసీ చూడనట్టు సాగిపోయిన వ్యవహారం, ఎంతిస్తే ఏ దేశం అని ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

నా లెక్కలో అసలు మలుపు 1971 నుంచి 1974 దాకా నడిచింది. ఈ మూడేళ్ళు సరిగ్గా చూస్తే ఇవాళ్టి గొడవకి వేరే వివరణ పెద్దగా అక్కర్లేదు.

1971 జూన్‌లో నిక్సన్ తన సిబ్బంది అధిపతి హాల్డెమన్‌తో మాట్లాడుతూ, రాయబారి కావాలనుకునే వాళ్ళెవరైనా కనీసం 2,50,000 డాలర్లు ఇచ్చి తీరాలన్నాడు. ఇది ఎవరో పుట్టించిన పుకారు కాదు, వైట్‌హౌస్‌లో ఆయనే పెట్టించుకున్న టేపుల్లో ఆయన గొంతుతో ఉన్న మాట. రేటు ఖరారు చేసింది సాక్షాత్తూ అధ్యక్షుడు. వసూలు బాధ్యత ఆయన సొంత లాయర్ హెర్బర్ట్ కాంబాక్‌ది.

అప్పటికే ట్రినిడాడ్‌లో రాయబారిగా ఉన్న ఫైఫ్ సిమింగ్టన్‌కి యూరప్‌లో ఇంకా మంచి చోటు కావాలి. ఆయన లక్ష డాలర్లిస్తే కాంబాక్ ఆ చోటు ఇప్పిస్తానని మాటిచ్చాడు. ఆ చోటు రాలేదు. ఇంకోపక్క న్యూయార్క్‌లో అలెగ్జాండర్స్ అనే పెద్ద దుకాణాల సంస్థ పెట్టిన కుటుంబానికి చెందిన రూత్ ఫార్కాస్. సామాజిక శాస్త్రం చదువుకున్న మనిషి, డాక్టరేట్ ఉంది. మొదట ఆమెకి కోస్టారికా పేరు చెప్పారు. కోస్టారికాకి రెండున్నర లక్షల డాలర్లంటే చాలా ఎక్కువ కదా అని ఆమె అడిగిందని కాంబాక్ తర్వాత కాంగ్రెస్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. చివరికి ఫార్కాస్ కుటుంబం నుంచి నిక్సన్ ప్రచారానికి వెళ్ళింది మూడు లక్షల డాలర్లు, 1973 మార్చిలో ఆమెకి వచ్చింది లక్సెంబర్గ్.

పదవి కొనుక్కోలేదనే ఆమె చెప్పుకున్నారు, ఆమె మీద కేసు కూడా పెట్టలేదు. ఆ మాట ఇక్కడ రాయడం నా బాధ్యత. కానీ సెనేట్ దగ్గర ఏం జరిగిందో కూడా చూడండి. సిలోన్ ప్రధాని పేరు అడిగి ఒక వ్యాపారిని నిలదీసిన ఫుల్‌బ్రైట్ అప్పటికి రాయబారుల నామినేషన్లు పరిశీలించే సెనేట్ విదేశీ వ్యవహారాల కమిటీకే ఛైర్మన్. విరాళం సంగతి అందరికీ తెలుసు, దాచిందేమీ లేదు. అయినా ఆమోదం వచ్చేసింది.

1974 ఫిబ్రవరిలో కాంబాక్ తప్పు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న నేరాల్లో ఒకటి సిమింగ్టన్‌కి ప్రభుత్వ పదవి ఆశ చూపడం. ఆరు నెలల పైచిలుకు జైల్లో ఉన్నాడు. నాకు మింగుడు పడనిది ఇక్కడే. పదవి దొరకని బేరానికి శిక్ష పడింది. డబ్బూ చేతులు మారి పదవీ దక్కిన లక్సెంబర్గ్ విషయంలో ఏమీ కాలేదు. రేటు పెట్టిన నిక్సన్ ఆగస్టులో రాజీనామా చేశాడు, తర్వాతి అధ్యక్షుడు ఫోర్డ్ ఆయనకి క్షమాభిక్ష పెట్టాడు. రూత్ ఫార్కాస్ 1976 దాకా అదే కుర్చీలో ఉన్నారు. మధ్యవర్తిని జైలుకి పంపి, బజారు మాత్రం తెరిచే ఉంచారు. ముందే ఇంత, తర్వాత ఇది అని నోరు తెరిచి మాటివ్వకపోతే చాలు, ఎవరినీ ఎవరూ పట్టుకోలేరని అప్పుడే అందరికీ అర్థమైపోయింది. అప్పట్నుంచి ఎవరూ అలా మాటివ్వరు. ఇవ్వాల్సినవాళ్ళు ఇస్తారు, గుర్తుపెట్టుకోవాల్సినవాళ్ళు గుర్తుపెట్టుకుంటారు.

నిక్సన్‌ని గద్దె దింపిన వాటర్‌గేట్ కుంభకోణం తెచ్చిన అవమానం తర్వాత 1980లో విదేశీ సేవల చట్టం వచ్చింది. రాయబారి పదవులు మామూలుగా కెరీర్ అధికారులకే దక్కాలని, ఎన్నికల విరాళాలు నియామకానికి కారణం కాకూడదని అందులో స్పష్టంగా ఉంది. నామినేట్ అయిన ప్రతివాళ్ళూ తామూ తమ కుటుంబమూ నాలుగేళ్ళలో ఏ పార్టీకి ఎంతిచ్చారో సెనేట్‌కి జాబితా ఇవ్వాలి. వాళ్ళకి ఆ దేశం గురించి, అక్కడి భాష గురించి ఏం తెలుసో అధ్యక్షుడు విడిగా ఒక నివేదిక పంపాలి. చదవడానికి బ్రహ్మాండమైన చట్టం. ఉల్లంఘిస్తే ఏం చేస్తారన్నది మాత్రం ఎక్కడా లేదు, శిక్షే లేదు. కాబట్టి జాబితా వస్తుంది, సెనేటర్లు చూస్తారు, ఓటేస్తారు.

ఇందులో ఎవరికి దెబ్బ తగులుతుందో చూడాలంటే ముప్పై ఏళ్ళు ముందుకి రావాలి. 2009 చివర్లో ఒబామా లక్సెంబర్గ్‌కి పంపింది సియాటిల్ వ్యాపారవేత్త సింథియా స్ట్రౌమ్‌ని. ఆయన ప్రచారానికి ఐదు లక్షల డాలర్లకు పైగా సేకరించిపెట్టినవాళ్ళలో ఒకరు. ఏడాది తిరిగేసరికి విదేశాంగ శాఖ సొంత తనిఖీ అధికారి అయిన ఇన్‌స్పెక్టర్ జనరల్ బృందం ఆ ఎంబసీకి వెళ్ళింది. వాళ్ళ నివేదిక 2011 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. అందులో బెదిరింపులు, తిట్లు, భయం గురించి ఉంది. పెద్ద అధికారులు ఒకరి తర్వాత ఒకరు గడువు కాకముందే వెళ్ళిపోయారు. ఆమె తాత్కాలికంగా ఉండటానికి ఇల్లు వెతకడంలో సిబ్బంది వారాల తరబడి తిరిగారు, దాదాపు 200 ఇళ్ళు జల్లెడ పట్టారు. ఆర్థిక సంవత్సరం ముగిసే ముందు రోజు ఎంబసీ డబ్బుతో వైన్, మద్యం కొన్నారు. నచ్చని పరుపు మార్చుకున్న ఖర్చు ప్రభుత్వం నుంచి రాబట్టే ప్రయత్నం కూడా ఆ కాగితాల్లో ఉంది. పరుపు సంగతి విని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు గానీ, నన్ను కలిచివేసింది వేరే వాక్యం. యూరప్ నడిబొడ్డున ప్రశాంతంగా ఉన్న ఆ ఎంబసీ నుంచి బయటపడటానికి కొందరు ఉద్యోగులు కాబూల్‌కి, బాగ్దాద్‌కి బదిలీ అడిగారు. అప్పుడు ఆ రెండు ఊళ్ళలో పరిస్థితి ఎలా ఉండేదో తెలిసినవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు.

నివేదిక రాకముందే ఆమె కుటుంబం, సొంత వ్యాపారం చూసుకోవాలంటూ రాజీనామా చేశారు. ఆ ఖాళీలోకి వచ్చిందెవరు? ఫ్లోరిడా రియల్ ఎస్టేట్ వ్యాపారి రాబర్ట్ మాండెల్, ఆయనా ఒబామాకి నిధులు సేకరించినవారే. అంత ఘాటైన నివేదిక వచ్చాక కూడా ఆ కుర్చీకి ఒక కెరీర్ అధికారిని పంపుదామని ఎవరికీ తోచలేదు. ట్రంప్‌ని తిట్టేటప్పుడు డెమొక్రాట్లు ఈ ఒక్క పేజీ తిరగేసి చూసుకుంటే మంచిది.

ఇదే కుర్చీ కోసం సెనేట్ ఒకసారి నిజంగానే పోట్లాడింది. 1997లో క్లింటన్ నామినేట్ చేసిన జేమ్స్ హార్మెల్ విషయంలో. మాంసం డబ్బాల హార్మెల్ కంపెనీ వారసుడు, డెమొక్రాట్లకి పెద్ద దాత. మరి సెనేటర్లు దేనికి అడ్డుపడ్డారు? డబ్బుకి కాదు, ఆయన స్వలింగ సంపర్కుడని బాహాటంగా చెప్పుకున్నందుకు. లక్సెంబర్గ్‌కి ఏ అభ్యంతరమూ లేదు. ఏడాదిన్నర పైగా సభలో ఓటింగే జరగనివ్వలేదు, చివరికి 1999 జూన్‌లో సెనేట్ విరామంలో ఉండగా క్లింటన్ నేరుగా నియమించాడు. ఆ గొడవంతా తిరగేస్తే, అడగాల్సిన ఒక్క ప్రశ్న తప్ప మిగతావన్నీ అడిగారనిపిస్తుంది.

రెండో పక్షం వాదన కూడా ఉంది. కాంగ్రెస్ విందులకీ వినోదాలకీ ఇచ్చే డబ్బు చాలదు, జేబులోంచి పెట్టుకోగలవాళ్ళు కావాలంటారు. చిన్న దేశాలకి కూడా అధ్యక్షుడికి నేరుగా ఫోన్ చేయగల మనిషి వస్తేనే లాభమంటారు. బయటివాళ్ళంతా పనికిరానివాళ్ళేం కాదన్నది నిజమే. 1965లో జాన్సన్ లక్సెంబర్గ్‌కి పంపిన ప్యాట్రీషియా రాబర్ట్స్ హారిస్ న్యాయశాస్త్ర ప్రొఫెసర్, అమెరికా రాయబారి అయిన మొదటి నల్లజాతి మహిళ, తర్వాత కేంద్రంలో మంత్రి కూడా అయ్యారు. 1981లో రీగన్ పంపిన జాన్ డోలిబోయిస్ అయితే లక్సెంబర్గ్‌లోనే పుట్టి, చిన్నప్పుడే అమెరికా వెళ్ళి, 1945లో సైనికాధికారిగా అదే దేశంలోని మోండార్ఫ్‌లో బందీలుగా ఉన్న నాజీ నాయకులను ప్రశ్నించినవాడు. మన హైదరాబాద్‌లో పుట్టిన వినయ్ తుమ్మలపల్లి కూడా కెరీర్ దౌత్యవేత్త కాదు. వ్యాపారి, ఒబామాకి కాలేజీ రోజుల స్నేహితుడు, 2009లో బెలీజ్‌కి రాయబారిగా వెళ్ళారు. మనవాడైనా కొలబద్ద అదే ఉండాలి, స్నేహం అర్హత కాదు. హారిస్‌నీ డోలిబోయిస్‌నీ మంచి ఎంపికలని నేను అంటున్నది వాళ్ళు చదివిన చదువు, చేసిన పని, మాట్లాడిన భాష చూసి. చెక్కు చూసి పంపినా అలాంటివాళ్ళు ఎప్పుడో ఒకరు తగలొచ్చు, అంతమాత్రాన ఆ పద్ధతి మంచిదైపోదు.

ఇప్పటి పరిస్థితికి వస్తే, చాలా దశాబ్దాలుగా పదిమంది రాయబారుల్లో ఏడుగురు కెరీర్, ముగ్గురు రాజకీయం అన్నట్టు నడిచేది. ట్రంప్ మొదటి విడతలో రాజకీయ నియామకాలు 40 శాతం దాటాయి, రెండో విడతలో నామినేషన్లలో అత్యధికం అవే. డిసెంబర్ పిలుపుతో ఖాళీ అయిన కుర్చీలకి కూడా ఇక పేర్లు రావాలి. అవి వెళ్ళేది సెనేట్‌లో ఆ పాత విదేశీ వ్యవహారాల కమిటీ ముందుకే.

ఆ కమిటీ ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పడానికి ఒక్క పేరు చాలు. 2014 జనవరిలో జార్జ్ సూనిస్ అనే హోటళ్ళ వ్యాపారి, ఒబామాకి పెద్ద ఎత్తున నిధులు సేకరించిన మనిషి, నార్వే రాయబారి పదవికి విచారణకి వచ్చి ఆ రాజరిక దేశానికి అధ్యక్షుడున్నట్టు మాట్లాడాడు. అక్కడి సంకీర్ణ ప్రభుత్వంలో భాగస్వామిగా ఉన్న పార్టీని ఏదో అంచున ఉన్న చిన్న గుంపు అన్నట్టు తీసిపారేశాడు. తాను ఎప్పుడూ నార్వే వెళ్ళలేదని ఒప్పుకున్నాడు. నార్వేలోనే కాక అమెరికాలో నార్వే మూలాలున్న కుటుంబాల్లో కూడా కోపం రగిలింది, ఆ ఏడాది చివర్లో ఆయన తప్పుకున్నాడు. ఎనిమిదేళ్ళ తర్వాత బైడెన్ ప్రభుత్వంలో అదే సూనిస్‌కి సెనేట్ ఆమోదం దొరికింది, గ్రీస్‌కి రాయబారిగా వెళ్ళాడు.