పాయింట్ షూ రిబ్బన్లు: అపోహలు - వాస్తవాలు

బ్యాలే నాట్యంలో కాలివేళ్ల కొసల మీద నిలబడేందుకు వేసుకునేవి పాయింట్ షూలు. ఒక్కో షూకు రెండు పక్కలా కుట్టిన రిబ్బన్లను చీలమండ చుట్టూ కడతారు.

అపోహ: ఎంత బిగిస్తే కాలికి అంత భద్రం.

షూ జారకుండా చూసేది సరైన సైజు, రిబ్బన్ కాదు. షూ అడుగు అరికాలిని వదలకుండా హత్తుకుని ఉంచడమే రిబ్బన్ పని, అది చీలమండకు వేసే బ్యాండేజీ కాదు. అతిగా బిగిస్తే మడమ వెనకున్న అకిలెస్ స్నాయువు ప్రతి కదలికలోనూ ఒరుసుకుని వాస్తుంది. కట్టాక ప్లియేలోకి, అంటే మడమలు నేలకు ఆనించి మోకాళ్లు వంచే భంగిమలోకి, దిగి చూడండి. రిబ్బన్ చర్మంలోకి దిగబడితే విప్పి మళ్లీ కట్టాల్సిందే, "కాసేపటికి అదే వదులవుతుందిలే" అని వదిలేయకండి.

అపోహ: కాలు చాచి, వేళ్లు సాగదీసి కట్టాలి.

చాలామంది నొప్పికి మూలం ఇక్కడే ఉంది. పాదం చాచినప్పుడు సరిపోయిన కట్టు మోకాలు వంచగానే ఉరి బిగిసినట్టు బిగుస్తుంది. పాదం నేల మీద పూర్తిగా ఆనాలి, చీలమండ లంబకోణంలో ఉండాలి. ముందు లోపలివైపు రిబ్బన్‌ను పాదం మీదుగా బయటికి, అక్కణ్ణుంచి వెనకగా తిప్పి లోపలివైపుకు తెచ్చి పట్టుకోండి. తర్వాత బయటి రిబ్బన్‌ను దాని మీద అడ్డంగా లోపలికి, వెనకగా బయటికి, మళ్లీ ముందునుంచి లోపలికి తీసుకురండి. రెండు కొసలూ ఎదురెదురుగా కలుస్తాయి. పొరలు మెలిపడకుండా ఒకదానిమీదొకటి చదునుగా పరుచుకోవాలి, మెరిసే వైపు బయటికి ఉండాలి.

అపోహ: ముడి వెనక వేస్తే ఎవరికీ కనబడదు.

కనబడకపోవచ్చు, కానీ అది సరిగ్గా స్నాయువు మీద కూర్చుంటుంది. లోపలి చీలమండ ఎముకకు కాస్త వెనగ్గా వేలు నొక్కి చూడండి, మెత్తటి గుంట తగులుతుంది. ముడి చోటు అదే. పువ్వుముడి వద్దు. కుడి కొస ఎడమ మీద, తర్వాత ఎడమది కుడి మీద వేస్తే ముడి చదునుగా ఉంటుంది. రెండుసార్లూ ఒకే వైపు నుంచి వేస్తే మెలిపడి జారుతుంది. కొసలు 2-3 సెం.మీ. ఉంచి మిగతాది కత్తిరించి, ముడితో సహా పొరల కిందికి దోపేయాలి. వేదికపై కొసలు బయటికి రాకుండా ముడి మీద రెండు కుట్లు వేయడం మంచిది.

అపోహ: పొడవు ఎక్కువుంటేనే మేలు.

ఎక్కువైతే ముడి దగ్గర గడ్డలా ఉబ్బుతుంది. జతకు సుమారు 22 మి.మీ. వెడల్పు రిబ్బన్ 2 నుంచి 2.5 మీటర్లు తీసుకుని నాలుగు ముక్కలు చేస్తే సరిపోతుంది. సింథటిక్ రిబ్బనైతే కొసను మంట దగ్గర చూపిస్తే పోగులు లేవవు. నూలుదైతే రంగులేని నెయిల్ పాలిష్ రాయండి.

అపోహ: పక్కన ఎక్కడో ఒకచోట కుడితే చాలు.

షూ మడమను లోపలికి, ముందుకు మడవండి. ఆ మడత పక్క అంచును తాకిన చోటే రిబ్బన్ మొదలు, కొద్దిగా ముందుకు వాలి ఉండాలి. కొసను 2 సెం.మీ. మడిచి చతురస్రంగా, లోపలి గుడ్డకే కుట్టండి. పైనున్న సాటిన్‌లోకి సూది దిగితే కుట్టు బయటికి కనిపిస్తుంది. అంచులో తాడు తిరిగే గొట్టాన్ని కలిపి కుట్టారో, తాడు ఇక బిగియదు, వదులవదు. దారం తెగిపోతుంటే డెంటల్ ఫ్లాస్ వాడండి.

అపోహ: రిబ్బన్ ఉంటే ఎలాస్టిక్ అక్కర్లేదు.

మడమ ఊడిపోతుంటే రిబ్బన్ బిగించినా ఆగదు. మడమ దగ్గర రెండు పక్కలా కుట్టి, చీలమండ ముందునుంచి వచ్చే సన్నటి ఎలాస్టిక్ పట్టీ దాన్ని ఆపుతుంది.