తంగేడు పూల టీ: అపోహలు, వాస్తవాలు

బతుకమ్మ రోజులొస్తే గుడిమల్కాపూర్ పూల మార్కెట్ తంగేడుతో పచ్చగా మెరిసిపోతుంది. నాకు ఫోన్లూ అప్పుడే ఎక్కువ. "ఈ పూల టీ తాగితే షుగర్ తగ్గుతుందట, మాత్రలు ఆపొచ్చా?" ఔషధ మొక్కల్ని పరీక్షించడమే నా పని కాబట్టి రాస్తున్నాను.

అపోహ: యాంటీఆక్సిడెంట్ అని ల్యాబ్‌లో తేలితే ఒంట్లోనూ పనిచేస్తుంది.

వాస్తవం: యాంటీఆక్సిడెంట్ బలం చూడ్డానికి మేం తరచుగా చేసేది డీపీపీహెచ్ అనే పరీక్ష. ముదురు ఊదా ద్రావణంలో పూల సారం కలిపి అరగంట చీకట్లో ఉంచుతాం. పూలలోని ఫ్లేవనాయిడ్లు, ఇతర ఫినాల్ పదార్థాలు ఆ ద్రావణంలోని ఫ్రీ రాడికల్స్‌ను (ఇతర అణువులతో చర్య జరిపే అణువులను) అణిచేకొద్దీ ఊదా వెలిసి పసుపు తేలుతుంది. ఎంత వెలిసిందో 517 నానోమీటర్ల కాంతి దగ్గర కొలుస్తాం. ఎన్నేళ్లు చూసినా ఆ రంగు మారడం నాకు ముచ్చటే. కానీ అదంతా గాజు గొట్టంలో జరిగేది. తాగినదాంట్లో పేగు దాటి రక్తంలో కలిసేదెంత, కాలేయం దాన్ని ఏం చేస్తుంది అన్నది ఆ రంగు చెప్పదు. పైగా మేం సారం తీసేది చాలాసార్లు మెథనాల్ అనే ఆల్కహాల్‌తో. మీరు మరిగించేది నీళ్లలో. రెండింట్లోకీ ఒకే పదార్థాలు, ఒకే మోతాదులో దిగవు.

అపోహ: ఆ పరీక్షలో వచ్చే ఐసీ50 అంకె ఎంత పెద్దదైతే అంత బలం.

వాస్తవం: తిరగేసి చదవాలి. సగం రాడికల్స్‌ను అణచడానికి కావలసిన సారం అది. తక్కువుంటేనే బలం.

అపోహ: రోడ్డు పక్క పసుపు పూలన్నీ తంగేడే.

వాస్తవం: నాకు అసలు టెన్షన్ ఇక్కడే. మన రోడ్ల వెంట నాటిన ఎత్తైన చెట్లలో సీమ తంగేడు ఉంది. దాని ఆకుల్లో, పూలలో బారకాల్ అనే రసాయనం ఉంటుంది. థాయిలాండ్‌లో ఆ ఆకుల మాత్రలు వాడినవాళ్లకు కాలేయం దెబ్బతింది. అసలు తంగేడు పొద. ఆకు కాడ మొదట్లో చిన్న చెవుల్లాంటి ఆకులు రెండు కాండాన్ని పట్టుకుని ఉంటాయి. ఆరిక్యులేటా అన్న శాస్త్రనామం ఆ చెవుల వల్లే. అవి కనబడకపోతే కోయకండి.

అపోహ: పువ్వే కదా, ఏం చేస్తుంది?

వాస్తవం: వగరుకు కారణమైన టానిన్లు ఐరన్‌ను పట్టేస్తాయి. ఐరన్ మాత్ర వేసుకునే వేళకు ఈ టీ దూరంగా పెట్టండి. తంగేడు పూల సారాన్ని ఫిట్స్ మందు కార్బమాజెపీన్‌తో కలిపి ఇచ్చినప్పుడు, ఎలుకల రక్తంలో ఆ మందు మోతాదు పెరిగింది. మూర్ఛ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ముట్టొద్దు.

షుగర్ మాత్రల సంగతి: తంగేడు పూల సారంతో ఎలుకల్లో షుగర్ తగ్గిన మాట నిజమే. దాన్ని నమ్మి మీ మాత్ర మాత్రం ఆపకండి. టీ మొదలుపెడితే డాక్టర్‌కు చెప్పండి, గ్లూకోమీటర్ దగ్గర పెట్టుకోండి. చెమటలు పట్టి చేతులు వణికితే షుగర్ మరీ పడిపోయి ఉండొచ్చు, వెంటనే చక్కెర నోట్లో వేసుకోండి.